గణిత స్వరూపం: ఆర్థోగోనల్ పట్టికల నిదర్శనం

గణితమంటే లెక్క చేసి జవాబు రాబట్టే విద్య అన్న అభిప్రాయం బడిలోనే స్థిరపడుతుంది. అది తప్పు కాదు గాని, చాలదు. ఏ నియమాల కింద ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో, ఎందుకో రుజువుతో తేల్చడమే గణితం అసలు పని. జవాబు అందులో ఒక భాగం మాత్రమే. ప్రయోగ రచనలో వాడే ఆర్థోగోనల్ పట్టికలు దీనికి మంచి నిదర్శనం. ఆ పట్టికల అవసరం పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1972లో పటాన్‌చెరు వద్ద ఏర్పడ్డ అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల్లో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. జొన్న, కంది, వేరుశనగ రకాలను పోల్చేటప్పుడు నేలలోని తేడా రకంలోని తేడాగా చలామణి కాకుండా మడులను అమర్చాలి. మందుల పరిశ్రమలో ఉష్ణోగ్రత, ద్రావణి, ఉత్ప్రేరకం, వ్యవధి ఎంచుకునేవారికి ఎదురయ్యేదీ దాదాపు ఇదే ప్రశ్న.

ఈ పట్టికలకు మూలం లాటిన్ చతురస్రం: ప్రతి అడ్డు వరుసలోనూ, ప్రతి నిలువు వరుసలోనూ ఒక్కో గుర్తు ఒక్కసారే వచ్చే అమరిక. దీని అధ్యయనాన్ని సాధారణంగా ఆయిలర్ 1782 నాటి వ్యాసంతో మొదలుపెడతారు. అయితే 1715లో మరణించిన కొరియా పండితుడు చొయ్ సొక్‌జొంగ్ గ్రంథంలో తొమ్మిది వరుసల ఆర్థోగోనల్ జంట, అంటే ఒకదానిపై ఒకటి ఉంచితే గుర్తుల ప్రతి జతా ఒక్కసారే వచ్చే రెండు చతురస్రాలు, కనిపిస్తుంది కనుక, ప్రాథమ్యం ఆయనకే ఇవ్వడం సమంజసం. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గణాంకవేత్త ఫిషర్ ఈ చతురస్రాలను పంట ప్రయోగాలకు వాడాడు. వీటిని విస్తృతపరచి ఆర్థోగోనల్ పట్టికల భావనకు రూపమిచ్చినవాడు హడగళిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు (1920–2023). ఈ భావన పుట్టిన ఏడాదిని కొందరు 1946 అని, కొందరు 1947 అని రాస్తారు. 1943 నాటి ఆయన ఎం.ఏ. సిద్ధాంత వ్యాసంలోనే దీనికి బీజముందన్న మాట ఎక్కువ నమ్మదగినది.

నాలుగు అంశాలు, ఒక్కోదానికి మూడేసి స్థాయిలు ఉన్నాయనుకుంటే అన్ని కలయికలకూ 81 పరీక్షలు కావాలి. ఆర్థోగోనల్ పట్టికతో 9 చాలు. ఏ రెండు అంశాలను తీసుకున్నా వాటి స్థాయిల 9 జతలూ ఒక్కొక్కసారి ఎదురవుతాయి. ఇంతవరకు ఇది సమస్యకు పరిష్కారమే. ఈ రకం పట్టికకు ఎనిమిది ఎందుకు చాలవు అని అడిగినప్పుడు ప్రశ్న స్వభావం మారుతుంది. మూడు స్థాయిల అంశం ఒక్కోటి రెండు స్వతంత్రమైన పోలికలు కోరుతుంది. నాలుగింటికి ఎనిమిది, మొత్తం సగటుకు మరొకటి, వెరసి తొమ్మిది. రావు పేరిట ఉన్న అసమానత చెప్పే హద్దు ఇదే. ఎంత తెలివైనవారు ప్రయత్నించినా దీన్ని దాటలేరు.

అయితే హద్దు అడ్డు చెప్పనంత మాత్రాన పట్టిక ఉంటుందని కాదు. నాలుగు అంశాలకు ఆరేసి స్థాయిలుంటే ఆ అసమానత కోరేది 21 పరీక్షలే. అయినా 36 పరీక్షల పట్టిక లేదు. అలాంటి పట్టిక ఉండాలంటే ఆరు వరుసల ఆర్థోగోనల్ జంట ఉండాలి; అది లేదని 1900–01లో గాస్టన్ టారీ నిరూపించాడు. 10, 14 వంటి పరిమాణాలకూ జంట ఉండదని ఆయిలర్ ఊహించాడు. బోస్, శ్రీఖండే, పార్కర్ 1959–60లో ఆ ఊహను కొట్టేశారు: 2, 6 తప్ప అన్ని పరిమాణాలకూ జంట ఉంది. ఆయిలర్ అంతటివాడి ఊహ కూడా నిరూపణ ముందు నిలవలేదు.

టారీ చేసిందీ ఒక్కొక్క చతురస్రాన్నీ చూసే లెక్కే కదా అని ఆక్షేపించవచ్చు. నిజమే గాని, 9,408 ప్రామాణిక చతురస్రాలలో ఏవి ఒకే కుటుంబానివో గుర్తించబట్టే ఆ పని చేతికి లొంగింది. ఆ గుర్తింపు లెక్క కాదు, అవగాహన. సిద్ధంగా ఉన్న పట్టిక వాడుకునేవారికి రుజువెందుకన్నది రెండో ఆక్షేపణ. తొమ్మిది పరీక్షల పట్టికలో రెండు అంశాల ఉమ్మడి ప్రభావం మిగిలిన అంశాల ప్రభావంతో కలిసిపోతుంది. ఆ ఉమ్మడి ప్రభావం స్వల్పమైతేనే ఫలితాన్ని నమ్మవచ్చు. ఈ షరతు పట్టికలో రాసి ఉండదు, దాని వెనకున్న సిద్ధాంతంలో ఉంటుంది. అందుకే ప్రయోగశాలలోనూ, పొలంలోనూ పద్ధతితో పాటు దాని కారణాన్నీ నేర్పాలి. ఆ కారణం ఇంకా దొరకని చోట్లూ ఉన్నాయి: పది వరుసల చతురస్రాలలో పరస్పరం ఆర్థోగోనల్ అయినవి మూడు ఉన్నాయా అన్నది నేటికీ తేలలేదు.