ల్హాసా చేరని సంసారం

టిబెట్ అంచున, చైనా ఏలుబడిలో టంకర్ అనే సంత ఊరుండేది. 1898 మే 20న అక్కణ్ణుంచి ల్హాసా వైపు ఒక చిన్న బిడారు కదిలింది. అందులో అందరికన్నా చిన్నవాడు చార్లెస్. వాడికింకా పదకొండు నెలలు నిండలేదు. తండ్రి పెట్రస్ రైన్‌హార్ట్ హాలండ్ మనిషి. తల్లి సూసీ కార్సన్ కెనడాలోని ఒంటారియో రాష్ట్రం ఆడపడుచు, 1888లోనే వైద్య పట్టా పుచ్చుకున్న డాక్టరమ్మ. గుర్రాల మీద నెలల తరబడికి సరిపడా తిండి, మందుల పెట్టెలు, టిబెటన్‌లో అచ్చయిన సువార్త పుస్తకాలు ఎక్కించారు. దారి తెలిసినవాడిగా వెంట వచ్చినవాడు రహీం. లద్దాఖ్ అతనిది, ఇల్లు చేరాలని అతని ఆశ.

వాళ్ల వెనక ఏ మిషనూ లేదు. జీతం లేదు, ఆపద వస్తే వెతికించే దొర లేడు. పెట్రస్ అంతకుముందు చైనా ఇన్‌లాండ్ మిషన్‌లో చేరి, ఆ సంఘం తీసేస్తే కెనడా వెళ్లినవాడు. అక్కడ టిబెట్ గురించి ఊరూరా ఉపన్యాసాలిస్తూ సూసీని కలిశాడు. 1894లో పెళ్లి. ఆ ఏడే టిబెట్ వైపు ప్రయాణం. వెలివేతకు గురైన మనిషి మనసులో ఏముంటుందో మనం పుస్తకాల్లో చదవలేం గానీ, ల్హాసాలో సువార్త వినిపించి తీరాలన్న అతని పంతంలో ఆ అవమానం పాలు కొంత ఉందనే నాకు అనిపిస్తుంది.

1895లో వాళ్లు చేరింది లుసర్ అనే పల్లె. పక్కనే కుంబుం బౌద్ధ మఠం, వేలమంది లామాలు. ఆ ఏడే ఆ ప్రాంతంలో ముస్లింల తిరుగుబాటు లేచింది. మఠాధిపతి మీనా ఫూయే ఈ పరదేశీయుల్ని పిలిచి, మఠంలోనే తలదాచుకోమన్నాడు. గాయపడిన వాళ్లు కుప్పలుగా వస్తుంటే సూసీ గుళ్లు తీసింది, కుట్లు వేసింది, కట్లు కట్టింది. తన దేవుణ్ణి చెప్పడానికి వచ్చిన మనిషి, వేరే దేవుడి గుమ్మంలో కూర్చుని ఇటు తిరుగుబాటుదారుకీ అటు సైనికుడికీ పుండ్లు కడిగింది. వాళ్ల నాలుగేళ్ల సేవలో నిజంగా ఫలించిన రోజులేవని అడిగితే నేను వీటినే చూపిస్తాను. మఠాధిపతి వాళ్లకు ఆప్తుడయ్యాడు. సువార్త ఇష్టంగా చదివాడు, ప్రశ్నలడిగాడు, మతం మాత్రం మారలేదు.

మరుసటేడు టంకర్‌కు మకాం మార్చారు. పేరున్న అన్వేషకుడు స్వెన్ హెడిన్ 1896 నవంబరులో ఆ ఊరు వచ్చేసరికి, పెట్రస్ వేరే ప్రయాణంలో ఉన్నాడు. ఆ తెల్లావిడ ఒక్కతే ఇంట్లో కనిపించింది. గుర్రాల మీద, కాలినడకన డేరా నుంచి డేరాకు తిరగడం వాళ్ల పని. కోకోనోర్ సరస్సు చుట్టూ పశువుల కాపర్ల నల్ల డేరాలు. దగ్గరికి వెళ్లాలంటే ముందు కుక్కల్ని దాటాలి. దూడంత ఉండే టిబెట్ కుక్క మీదికొస్తే చేతికర్ర తప్ప దిక్కులేదు. యజమాని వచ్చి కుక్కను పట్టుకున్నాక లోపల పిడకల మంట, వెన్న కలిపిన ఉప్పు టీ, వేయించిన బార్లీ పిండి. ముందు జబ్బు సంగతి, తర్వాత క్షేమ సమాచారాలు, ఆ తర్వాతే యేసు మాట. పుస్తకం ఇస్తే కాపర్లు రెండు చేతులా తీసుకుని తలకు తాకించుకునేవాళ్లు. చదవగలిగినవాళ్లు కొద్దిమందే.

ఇక్కడో మాట అడ్డం. అదే 1898లో మన గుంటూరులో అన్నా కుగ్లర్ ఆసుపత్రి తెరిచారు. ఆమె కూడా సముద్రాలు దాటి వచ్చిన డాక్టరమ్మే. కానీ 1883 నుంచి ఒకే ఊరు పట్టుకుని ఉన్నారు, వెనక లూథరన్ సంఘం ఉంది. కుగ్లర్ ఆసుపత్రి పేరు గుంటూరులో ఇప్పటికీ నిలిచి ఉంది. సూసీకి చెయ్యి తక్కువా, గుండె తక్కువా? టంకర్‌లో ఆమెకు రోగులున్నారు, నమ్మకం ఉంది, భాష వచ్చింది. ఒక్కచోట కుదురుగా ఉంటే చాలని చెప్పేవాళ్లే లేరు. ఉన్నా పెట్రస్ వినేవాడు కాడేమో.

ఎందుకంటే ల్హాసా పిలుస్తోంది. 1846లో హ్యూక్, గాబే అనే ఇద్దరు ఫ్రెంచి పాదరీలు అక్కడికి చేరారు, అదీ ఈ కుంబుంలో కొన్నాళ్లు ఉండి వెళ్లే. తర్వాత ఏ పాశ్చాత్యుడికీ సాధ్యం కాలేదు. ఆనీ టేలర్ అనే ఇంగ్లీషు మిషనరీ ప్రయత్నం కొద్ది రోజుల దారిలో ఉండగా ఆగిపోయింది. ద్యుత్రాయ్ ద రాన్ అనే ఫ్రెంచి అన్వేషకుణ్ణి 1894లో ఆ ప్రాంతంలోనే చంపేశారు. ఇవన్నీ తెలిసీ, చంటిపిల్లవాణ్ణి తీసుకుని, పదిహేనూ పదహారూ వేల అడుగుల ఎత్తుకు ఎక్కారు. ఇందులో నాకు భక్తి ఎంత కనిపిస్తుందో, మొండితనమూ అంతే కనిపిస్తుంది.

దారిలో పనివాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. రహీం మాత్రం మిగిలాడు. ఆగస్టు 22న, డంగ్ లా కొండల దాపున, ప్రయాణంలోనే బిడ్డ ఊపిరి ఆగింది. తల్లి వైద్యురాలు, తనకు తెలిసిన విద్యంతా ఉపయోగించి చూసింది. ఒక మందుల పెట్టె ఖాళీ చేసి అందులో పడుకోబెట్టారు. రహీం గొయ్యి తవ్వాడు. జంతువులూ దొంగలూ తవ్వకుండా పైన ఒక పెద్ద బండ దొర్లించారు. గుర్తు కోసం ఏమీ పెట్టలేదు. పెడితే ఆ చోటు తెలిసిపోతుంది.

అక్కణ్ణుంచి నగ్‌చుకా. ఆ ఊళ్లో ల్హాసా అధికారులు ముందుకు వెళ్లనివ్వలేదు, మర్యాదగానే వెనక్కి మళ్లించారు. రహీం తన దేశం దారి పట్టాడు. వీళ్లు జ్యెకుండో అనే ఊరి వైపు కొత్త మార్గదర్శకులతో తిరిగారు. దొంగలు పడి పశువుల్ని తోలుకుపోయారు, మార్గదర్శకులు పారిపోయారు. పెళ్లాం మొగుడూ ఒక్క గుర్రంతో మిగిలి, సామాను చాలావరకు వదిలేసి నడక సాగించారు.

సెప్టెంబరు 26 పొద్దున, పశువుల్ని అడిగి తెస్తానని పెట్రస్ నది అవతల కనబడిన డేరాల వైపు బయల్దేరాడు. నీళ్లలో దిగి కొంత దూరం వెళ్లి, ఏమనుకున్నాడో వెనుదిరిగి, సూసీ వైపు ఏదో గట్టిగా అరిచాడు. నది హోరులో ఆమెకు వినపడలేదు. ఇవతలి గట్టే ఎక్కి, కొండరాళ్ల మలుపు తిరిగాడు. అంతే. కాసేపటికి దూరదర్శినిలో చూస్తే, ఆ మలుపుకు అటు, ఇవతలి గట్టునే, మరో డేరాల గుంపు కనిపించింది. తమను దోచుకున్నవాళ్లు వాళ్లేనని ఆమెకు అనుమానం. ఆ రోజు, ఆ రాత్రి, మరుసటి రోజు రివాల్వర్ దగ్గరుంచుకుని ఎదురు చూసింది. చుట్టుపక్కల వాళ్లెవరూ వెతకడానికి సాయం రాలేదు.

తర్వాత రెండు నెలలు అయినవాళ్లెవరూ లేకుండా ప్రయాణం సాగించింది. కూలికి కుదిరిన మార్గదర్శకులే బెదిరించారు; ఆమె రివాల్వర్ కిందపెట్టకుండా పడుకుంది. నవంబరు 26న, చలికి కమిలిన పాదాలతో, చిరుగుల టిబెటన్ బట్టలతో తాచియన్‌లు ఊళ్లో మిషనరీ ఇంటి తలుపు తట్టింది. వచ్చింది తెల్లావిడని వాళ్లు మొదట పోల్చుకోలేకపోయారు. మేలో టంకర్ వదిలిన ఆ కుటుంబంలోని ముగ్గురిలో ఆమె ఒక్కతే మిగిలింది.

ఇదంతా 1901లో సూసీ పుస్తకంగా రాసింది. చదివినవాళ్లు ఆమెను వీరవనిత అన్నారు. భర్త ఏమయ్యాడో మాత్రం తేలలేదు, శరీరమూ దొరకలేదు. 1902లో మళ్లీ ఆ సరిహద్దుకే వెళ్లింది, ఈసారి తాచియన్‌లులోనే ఉండి రోగుల్ని చూసింది. 1904లో బ్రిటిష్ సేనతో వచ్చిన యంగ్‌హస్‌బెండ్ తుపాకులతో ల్హాసాలోకి నడిచాడు. 1905లో ఆమె, తనను ఆ తాచియన్‌లులో ఆదుకున్న మిషనరీ జేమ్స్ మోయెస్‌ను పెళ్లాడింది. ఆరోగ్యం చెడి కెనడాకు తిరిగొచ్చి, 1908లో చాథంలో, నలభై నిండీ నిండకుండానే కన్నుమూసింది.