శనగ ధర, బొంబాయి బోర్డు, మన గోదాము

రైతన్నలారా, శనగలు గోదాములో పెట్టి "ఇంకో రెండొందలు పెరిగితే ఇచ్చేద్దాం" అని కూర్చునేవాళ్లు మన గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు తక్కువేం కాదు. ధర ఎందుకు దిగిందయ్యా అంటే కొట్టు దగ్గర ఒకటే మాట, "ఆన్‌లైన్ వాళ్ల ఆట." అదెంత నిజమో వెనక్కెళ్లి చూద్దాం.

2003 డిసెంబరులో బొంబాయిలో ఎన్‌సీడీఈఎక్స్ మొదలైంది. అక్కడ రాబోయే నెలల ధర మీద వాయిదా బేరం. సరుకు విలువలో కొంత మార్జిన్ కడితే చాలు. ధర ఎదురు తిరిగితే ఇంకా కట్టమంటారు, కట్టలేనోళ్లంతా ఒకేసారి వదిలించుకుంటారు. ఒక్కరోజులో అంత కుదుపు వచ్చేది ఇందుకే. అందుకని రోజుకి ధర ఇంతకుమించి కదలకూడదని, ఒక్కడి చేతిలో ఇంతకుమించి బేరం ఉండకూడదని హద్దులు పెట్టారు. ఆ హద్దులతో నాకు పేచీ లేదు. బోర్డునే మూసెయ్యడం దగ్గరే పేచీ.

2007లో కంది, మినుము వాయిదాలు ఆపి, అభిజిత్ సేన్ కమిటీ వేశారు. వాయిదాల వల్లే ధరలు పెరిగాయని గట్టిగా తేల్చలేమని 2008 ఏప్రిల్ చివర్లో కమిటీ చెప్పింది. చెప్పిన పదిరోజుల్లోపే, మే నెలలో, శనగ వాయిదాలు కూడా ఆపేశారు! ఆ ఏడాది చివర్లో మళ్లీ తెరిచారనుకోండి.

అసలు చూడాల్సింది 2016. రెండేళ్లు వరసగా వానల్లేక దేశంలో శనగ తగ్గింది, ధర ఎగబాకింది. ఆ ఏడాది మధ్యలో సెబీ కొత్త బేరాలు ఆపింది. ధర దిగిందా? లేదు, దీపావళి దాకా ఎక్కుతూనే పోయింది. సరుకే లేనప్పుడు బోర్డు మూస్తే ఏమొస్తుంది? చివరికి ధర దించింది 2017లో వచ్చిన పెద్ద పంట, దాంతోపాటు దిగుమతులు. ఆ జులైలో బోర్డు తెరిచారు. 2018లో మద్దతు ధర 4,400 అయితే చాలా మార్కెట్లలో అంతకన్నా కిందకే పోయాయి. దిగుమతి సుంకం 60 శాతం చేశారు గానీ అది మార్చిలో, అప్పటికి మన కోతలు అయిపోయాయి.

అంటే మూసినప్పుడు పెరిగింది, తెరిచున్నప్పుడు పడింది. వాయిదా ఆట రోజువారీ కుదుపు తెస్తుందేమో గానీ, ఏడాది ధర తేల్చేది పంట, సుంకం.

2021 ఆగస్టులో మళ్లీ మూశారు. డిసెంబరులో వడ్లు, గోధుమ, పెసర లాంటివి కూడా కలిపి ఏడాదన్నారు, తర్వాత పొడిగిస్తూ పోయారు. 2008, 2016, 2021, మూడుసార్లూ ధర పెరుగుతున్నప్పుడే తాళం. 2018లో మనం మునిగినప్పుడు అంత తొందర ఎవరికీ లేదు.

ఇంకోమాట. ఆ బోర్డు మీద ఉండింది ఎర్ర శనగ. మన కాక్-2 తెల్ల శనగ అక్కడ లేనే లేదు. తెల్ల శనగకి "ఆన్‌లైన్‌లో పడిపోయింది" అని ఎవరైనా ధర కోస్తే, ఏ బోర్డు, ఏ నెల బేరం అని అడగండి. సుంకం సంగతి మాత్రం కనిపెట్టుకుని ఉండండి. ఎర్ర శనగ మీద 2024 మేలో పూర్తిగా తీసేశారు, 2025 ఏప్రిల్ నుంచి 10 శాతం పెట్టారు.