కొక్కొరొకో అనడం ఎవరు నేర్పుతారు?

1936 ఏప్రిల్ 1కి ముందు మా రాయగడ, గుణుపురం, జయపురం, కోరాపుట్ అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. ఆ రోజున ఒరిస్సా వేరే రాష్ట్రమైంది, కోరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబరు 2న అందులోంచి రాయగడ జిల్లా విడిపోయింది. మా పెద్దలు ఊరు మారలేదు, హద్దే మారింది.

అప్పట్నుంచీ మా పిల్లలకి బడిలో ఒడియా, వంటింట్లో తెలుగు. తరం తరానికీ తెలుగు రాత తగ్గిపోయింది. మిగిలింది చెవిన పడ్డ తెలుగే. అందులో మొదటిది పిట్టల తెలుగు.

మామ్మ అన్నం కలిపి, ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద అంటూ తినిపించేది. వీధి వసారాలో పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు వేలాడేది. కాకి కావుకావు, పిచ్చుక కిచకిచ, కోడి కొక్కొరొకో అని అక్కడే నేర్చుకున్నాం. కోయిల కుహూ అంటే మేమూ కుహూ అనేవాళ్ళం. అది ఇంకా గట్టిగా కూసేది.

పక్కింటి ఒడియా పిల్లలకి కాకి కువా, పిచ్చుక ఘరచటియా, కోయిల కోయిలి. పేర్లు వేరైనా నమ్మకాలు కలిసేవి. వాకిట్లో కాకి అరిస్తే చుట్టాలొస్తారని మామ్మా అనేది, పక్కింటి పెద్దావిడా అనేది. దసరాకి మేం చూసొచ్చే పాలపిట్ట వాళ్ళకి నీలకంఠ. అదే ఒడిశా రాష్ట్ర పక్షి, తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా. ఆంధ్రప్రదేశ్‌కీ 2018 దాకా అదే, తరవాత రామచిలుక వచ్చింది.

పిట్ట కూతకీ మాటకీ ఉన్న చుట్టరికం పాతదే. కాకికి సంస్కృతంలో ఉన్న ‘కాక’ అన్న పేరు దాని అరుపులోంచే పుట్టిందనీ, పక్షుల పేర్లలో ఇలాంటివి ఎక్కువనీ యాస్కుడు తన నిరుక్తంలో ఎప్పుడో చెప్పాడు.

మొన్న తెల్లారగట్ల పక్కింటి కోడి కూసింది. మూడేళ్ళ మా మనవరాలు లేచి, ‘కాక్-ఎ-డూడుల్-డూ’ అంది. ఫోన్లో బొమ్మల పాట నేర్పింది మరి. అందరం నవ్వేశాం, కానీ లోపల చివుక్కుమంది. కూసింది మన ఊరి కోడే, పాప చెవికి మాత్రం ఇంకెక్కడిదో అయింది. కొక్కొరొకో కాదు సరే, పక్కింటి ఒడియా కూతైనా కాదు! తప్పు పాపది కాదు. ముద్దలు కలిపే చేతుల్లోకి మేమే ఫోన్ తెచ్చుకున్నాం.

ఇప్పుడు సాయంత్రాలు పాపని మేడమీదికి తీసుకెళ్తున్నాం. కనిపించిన పిట్టకల్లా రెండు పేర్లు చెప్తున్నాం, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఒడియా పేరు మాకు తెలియకపోతే పక్కింటివాళ్ళని అడుగుతున్నాం. వసారాలో మళ్ళీ వరికుచ్చు కట్టాం. పిచ్చుకలు ఇంకా రాలేదు. పాప మాత్రం రోజూ కిచకిచమని పిలుస్తోంది.

మీ ఇంట్లో పిట్టలు ఏమని కూసేవో పెద్దవాళ్ళని అడగండి. వాళ్ళుండగానే అడగండి.