ఓడలో ప్రపంచయాత్ర: ఎంపికకు ముందు సరిహద్దు గ్రామాల కుటుంబాలు తెలుసుకోవలసినవి

కోలారు, చిత్తూరు, కృష్ణగిరి జిల్లాలు కలిసే మన సీమలో 'సముద్రం' అని ముగిసే ఊరిపేర్లు సాధారణంగా పెద్ద చెరువును సూచిస్తాయి. జీవనది లేని ప్రాంతంలో చెరువే సముద్రం. అసలు సముద్రాన్ని చూడదలచిన కామసముద్రం వాసి రైలెక్కి కుప్పం, జోలార్‌పేట మీదుగా చెన్నై చేరవలసిందే. అయినా పిల్లలు బెంగళూరులోనో, విదేశాలలోనో స్థిరపడిన ఇళ్లలో తల్లిదండ్రుల షష్టిపూర్తికో, పదవీ విరమణకో ఓడలో ప్రపంచమంతా చూపించాలనే కోరిక కలగడం వింత కాదు.

ఆ కోరిక నెరవేరడానికి అయ్యే వ్యయం ఒక ఇల్లు కట్టుకొనే వ్యయంతో సమానం. చాలామంది విషయంలో అది ఉద్యోగ విరమణ సొమ్ము, లేదా భూమి అమ్మగా వచ్చిన సొమ్ము. కనుక ప్రకటనలోని ఓడ బొమ్మను చూసి కాక, వీసా, ఆరోగ్యం, మొత్తం ఖర్చు అనే మూడింటిని లెక్కించి నిర్ణయించుకోవడం క్షేమం. ఆ లెక్కకు కావలసిన వివరాలను ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము.

ప్రపంచయాత్ర అంటే ఏమిటి?

విహారనౌకలో భూగోళాన్ని చుట్టే యాత్రలకు నూరేళ్ల చరిత్ర ఉన్నది. క్యునార్డ్ సంస్థకు చెందిన లకోనియా అనే నౌక 1922 నవంబరులో న్యూయార్కు నుండి బయలుదేరి, భూమిని చుట్టి 1923 మార్చిలో తిరిగి చేరింది. నేటి ప్రపంచయాత్రలు అధికభాగం 100 నుండి 180 రోజులు సాగుతాయి. రాయల్ కరీబియన్ సంస్థ నడిపిన సెరినేడ్ ఆఫ్ ది సీస్ యాత్ర 2023 డిసెంబరు నుండి 2024 సెప్టెంబరు వరకు 274 రాత్రులు సాగింది. 'ప్రపంచయాత్ర' అన్న పేరున్న ప్రతి యాత్రా భూమిని పూర్తిగా చుట్టదు. కొన్ని బయలుదేరిన చోటికి తిరిగి రావు. కనుక మొదట చూడవలసినది రేవుల పట్టిక.

ఎక్కువ ఓడలు జనవరి మొదటి వారాలలో బయలుదేరి ఏప్రిల్, మే నెలలలో తిరిగి వస్తాయి. రాగి కోతలు ముగిసిన తరువాతి కాలం గనుక మెట్టసేద్యం చేసే కుటుంబాలకు ఇది అనుకూలమే. కాని సంక్రాంతి, ఉగాది రెండూ సముద్రం మీదనే గడుస్తాయి. పాడిపశువులు, పట్టుపురుగుల పెంపకం ఉన్న ఇంటివారు నాలుగు నెలలకు బాధ్యులను కుదుర్చుకోనిదే కదలలేరు.

ఓడల తరగతులు

బయలుదేరే రేవును, సేవల స్థాయిని బట్టి ఈ యాత్రలను మూడు తరగతులుగా పోల్చవచ్చును.

మొదటి తరగతి: ఇటలీకి చెందిన కోస్తా, జెనీవా కేంద్రంగా గల ఎం.ఎస్.సి. వంటి సంస్థల పెద్ద ఓడలు. ఇవి జెనోవా, మార్సెయ్, బార్సెలోనా వంటి మధ్యధరా రేవుల నుండి బయలుదేరుతాయి. వీటిలో ధర తక్కువ. ప్రకటనలు పలు భాషలలో వినిపిస్తాయి. జపానుకు చెందిన పీస్ బోట్ సంస్థ యోకోహామా నుండి నడిపే యాత్రలను కూడా ఈ వరుసలో చేర్చవచ్చును.

రెండవ తరగతి: సౌతాంప్టన్ నుండి బయలుదేరే క్యునార్డ్, పి అండ్ ఓ ఓడలు, అమెరికా రేవుల నుండి నడిచే హాలండ్ అమెరికా, సిడ్నీ నుండి కూడా నడిచే ప్రిన్సెస్ ఓడలు. ఇంగ్లీషు తెలిసినవారికి ఇవి సుఖం.

మూడవ తరగతి: రీజెంట్, సిల్వర్‌సీ, వైకింగ్, ఓషియానియా వంటి ఖరీదైన చిన్న ఓడలు. వీటిలో టిప్పులు, ఒడ్డున తిరిగే యాత్రలు మొదలైనవి చాలావరకు ధరలోనే కలిసి ఉంటాయి. ఏవి కలిసి ఉన్నవో సంస్థను బట్టి మారుతుంది.

మొదటి తరగతిలో కిటికీ లేని క్యాబిన్‌కు ఒక్కొక్కరికి ధర సుమారు 15,000 డాలర్ల ప్రాంతంలో మొదలవుతుంది. పైన చెప్పిన 274 రాత్రుల యాత్రకు ప్రారంభ ధర సుమారు 60,000 డాలర్లు. మూడవ తరగతిలో ధర దీనిని కూడా దాటవచ్చును.

కనిపించే ధర, కనిపించని ధర

ప్రకటనలోని ధర ఒక క్యాబిన్‌లో ఇద్దరు ఉన్నప్పుడు ఒక్కరికి అయ్యే మొత్తం. భార్యాభర్తలకు దానిని రెండింతలు చేయాలి. ఒంటరిగా వెళ్లే వితంతువో, విధురుడో దాదాపు రెండు టికెట్ల ధర చెల్లించవలసి రావచ్చును.

దీనికి పైన చేరేవి: బయలుదేరే రేవు వరకు విమాన టికెట్లు, వీసా రుసుములు, బీమా, ఒడ్డున తిరిగే యాత్రలు, ఇంటర్నెట్, బట్టల ఉతుకు, పానీయాలు, టిప్పులు. చాలా ఓడలు టిప్పును రోజుకు ఇంత అని ఖాతాలో వేస్తాయి. రోజుకు 16 డాలర్లు అనుకొంటే 120 రోజులకు ఒక్కరికి 1,920 డాలర్లు, దంపతులకు 3,840 డాలర్లు అవుతుంది. ఇటువంటి చిన్న పద్దులన్నీ కలిపి, ప్రకటన ధర మీద మరో మూడవ వంతు అదనంగా చేతిలో ఉంచుకొన్నవారే నిశ్చింతగా ప్రయాణించగలరు.

మన దేశంలో విదేశీ యాత్రా ప్యాకేజీ కొన్నప్పుడు మూలం వద్ద వసూలు చేసే పన్ను, అనగా టి.సి.ఎస్., చెల్లించాలి. 2023 అక్టోబరు 1 నుండి పెద్ద మొత్తాలపై ఇది 20 శాతంగా ఉండేది. తరువాతి బడ్జెట్లలో పరిమితులు, రేట్లు మారినందున బుకింగ్ నాటి రేటును అడిగి తెలుసుకోవాలి. ఈ సొమ్ము పోదు. పాన్ సంఖ్య ఇచ్చి, ఆదాయపు పన్ను రిటర్ను దాఖలు చేస్తే సర్దుబాటో, వాపసో లభిస్తుంది. రిటర్ను వేసే అలవాటు లేని పింఛనుదారులు ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

పాస్‌పోర్టు, వీసాలు

పాశ్చాత్య దేశాల ప్రయాణికునికి సులభమైన యాత్ర భారతీయ పాస్‌పోర్టు గలవారికి కష్టసాధ్యం కావడానికి ముఖ్యకారణం వీసాలు. ఓడ ఆగే దేశాలను బట్టి షెంగెన్, బ్రిటన్, అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి వీసాలు వేరువేరుగా పొందవలసి రావచ్చును. ఒక్క వీసా లేకున్నా ఓడ ఎక్కనివ్వకపోవచ్చును. రేవులో దిగకుండా ఓడలోనే ఉంటామన్నా కొన్ని దేశాలు అంగీకరించవు.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల కంటే ముందుగా దరఖాస్తు చేయరాదు. ఆ దేశాలలో 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదు. జనవరిలో జెనోవాలో ఓడ ఎక్కి మే నెలలో అక్కడికే తిరిగి వచ్చేవారికి ఒకసారి ప్రవేశించే వీసా చాలదు. పలుమార్లు ప్రవేశించే వీసా, అదీ తిరుగు ప్రయాణం నాటికి చెల్లుబాటులో ఉండేది, కావాలి. అమెరికా వీసా ఇంటర్వ్యూకు నెలల తరబడి వేచి ఉండవలసి రావచ్చు గనుక దానిని ముందుగా తలపెట్టాలి. పాస్‌పోర్టు యాత్ర ముగిసిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు చెల్లాలి, ఖాళీ పుటలు తగినన్ని ఉండాలి.

సరిహద్దు కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. బడి పత్రం కన్నడంలో, పెళ్లి పత్రిక తెలుగులో, భూమి పత్రం మరొక రాష్ట్రంలో ఉండి, ఒకే మనిషి పేరు మూడు విధాలుగా నమోదై ఉండవచ్చును. ఇంటిపేరును పొడి అక్షరంతో మాత్రమే రాసే అలవాటు కూడా మనలో ఉన్నది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి ఒక్కపేరే ఉన్నవారిని సందర్శక వీసాపై అనుమతించబోమని యు.ఏ.ఇ. 2022 నవంబరులో ప్రకటించింది. దుబాయి మీదుగా ప్రయాణించే వారు అనేకులు గనుక, పేరు సవరణ ఏదైనా ఉంటే డబ్బు కట్టక ముందే పూర్తి చేసుకోవాలి. 2018 నుండి దేశంలో ఏ ప్రాంతం నుండైనా పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకొనే వీలు కలదు.

ఆరోగ్యం

ఓడలో వైద్యుడు, చిన్న చికిత్సాలయం ఉంటాయి. పెద్ద శస్త్రచికిత్సకు సదుపాయం ఉండదు. చికిత్స ఉచితం కాదు. గుండెపోటు వంటి ఆపదలో రోగిని తీరానికి తరలించే ఖర్చు మొత్తం యాత్ర ఖర్చును మించవచ్చును. కనుక బీమా పత్రంలో నాలుగు విషయాలు చూడాలి: యాత్ర మొత్తం రోజులకు వర్తిస్తుందా, వయసు పరిమితి ఎంత, మధుమేహం, రక్తపోటు వంటి పాత వ్యాధులను కలుపుకొన్నదా, అత్యవసర తరలింపు ఖర్చు ఇస్తుందా.

ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోని కొన్ని దేశాలకు వెళ్లే ఓడ అయితే పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం తప్పనిసరి. టీకా వేసిన 10 రోజుల తరువాతనే అది చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనిచేస్తుంది. అది లేకుండా ఆ దేశాల నుండి తిరిగి వచ్చినవారిని మన దేశంలో ఆరు రోజుల వరకు ఏకాంతంలో ఉంచే నిబంధన కలదు. బెంగళూరు శేషాద్రి రోడ్డులోని ప్రజారోగ్య సంస్థలో, చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ టీకా వేస్తారు. అరవై దాటినవారికి ఈ టీకా వల్ల తీవ్రమైన ప్రతికూలతలు కలిగే అవకాశం కొంత ఎక్కువ. కనుక వైద్యుని సలహా లేకుండా అటువంటి దారిని ఎంచుకోరాదు.

కడుపులో తిప్పే స్వభావం గలవారు ఓడ మధ్యభాగంలో, క్రింది అంతస్తులో క్యాబిన్ తీసుకోవాలి. అక్కడ ఊపు తక్కువ, తరచుగా ధర కూడా తక్కువే. పడమరకు సాగే ఓడలో గడియారాన్ని అప్పుడప్పుడు గంట వెనక్కు తిప్పుతారు గనుక ఆ రోజున నిద్రకు గంట అదనంగా దొరుకుతుంది. తూర్పుకు సాగేటప్పుడు గంట పోతుంది. పసిఫిక్ సముద్రంలో దినరేఖను పడమరకు దాటినప్పుడు ఒక తేదీ పూర్తిగా మాయమవుతుంది. ఏకాదశి ఉపవాసం ఉండేవారు ముందే లెక్క చూసుకోవడం మంచిది.

సంస్థను నమ్మేముందు

2023లో లైఫ్ ఎట్ సీ అనే పేరుతో మూడేళ్ల ప్రపంచయాత్రకు టికెట్లు అమ్మారు. అనుకొన్న ఓడ అమ్మకందారుల చేతికి రాకపోవడంతో, అదే ఏడాది నవంబరులో యాత్ర రద్దయింది. అప్పటికే కొందరు ఇల్లు అమ్మి సిద్ధమై ఉన్నారు. 2024లో విల్లా వీ ఒడిస్సీ అనే నౌక మరమ్మతుల వల్ల బెల్‌ఫాస్టు రేవులోనే సుమారు నాలుగు నెలలు నిలిచిపోయింది. కనుక ఓడ ఆ సంస్థ స్వాధీనంలో ఉన్నదా, ఇంతకు ముందు అదే యాత్రను నడిపినదా అన్నది అడిగి తీరాలి.

పెద్ద సంస్థలకు కూడా దారి మార్చక తప్పని కాలాలు వస్తాయి. 2020లో కోవిడ్ కారణంగా కోస్తా డెలిజియోజా ప్రయాణికులు సుమారు ఐదు వారాల పాటు నేల మీద కాలు మోపలేకపోయారు. 2023 చివర ఎర్రసముద్రంలో నౌకలపై దాడులు మొదలైన తరువాత పలు ప్రపంచయాత్రలు సూయజ్ మార్గాన్ని వదలి ఆఫ్రికాను చుట్టి వెళ్లాయి. ఆశించిన రేవు తప్పిపోయినా సొమ్ము వాపసు ఇవ్వనవసరం లేదని ఒప్పందాలలో సాధారణంగా ఉంటుంది. ఒక్క ఊరు చూడడం కోసమే ఈ యాత్రకు వెళ్లదలచినవారు విమానంలో వెళ్లడమే మేలు.

ముందుగా చిన్న సముద్రం

మొత్తం యాత్రను కొననవసరం లేదు. చాలా సంస్థలు ప్రపంచయాత్రను 20, 30 రోజుల భాగాలుగా కూడా అమ్ముతాయి. ఆసియా రేవుల మధ్య భాగాన్ని ఎంచుకొంటే వీసాలు తగ్గుతాయి, విమాన ఖర్చు తగ్గుతుంది, పశువులను, పొలాన్ని ఒక నెలకు మాత్రమే ఇతరులకు అప్పగిస్తే చాలును.

అంతకు ముందు శరీరం సముద్రానికి ఓర్చుకొంటుందో లేదో మన తీరంలోనే పరీక్షించుకోవచ్చును. కార్డీలియా సంస్థ ఎంప్రెస్ నౌకను 2022 జూనులో చెన్నై నుండి విశాఖపట్నం, పుదుచ్చేరి వైపు నడిపింది. విశాఖలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఇటువంటి రెండు నుండి ఐదు రాత్రుల యాత్రలు ఏ నెలలో ఏ రేవు నుండి ఉన్నవో ఏటా మారుతుంది. దేశం దాటని యాత్రకు పాస్‌పోర్టు అవసరం ఉండదు. చెన్నై నుండి అండమానుకు వెళ్లే ప్రయాణనౌకలలో రెండున్నర నుండి మూడు రోజులు పడుతుంది. అందులో విలాసాలు ఉండవు, కాని నడిసముద్రం ఎట్లా ఉంటుందో తెలిసివస్తుంది. కొచ్చి నుండి లక్షద్వీప్‌కు నడిపిన ఐదు రోజుల ఓడ యాత్ర పేరే 'సముద్రం'. ఆ దీవులకు ప్రవేశానుమతి ముందుగా పొందాలి.

సంతకం చేసే ముందు

ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద ఉండాలి:

1. ఇద్దరికి అన్ని ఖర్చులతో కలిపి మొత్తం ఎంత, అందులో పన్ను ఎంత?
2. ఏ వీసాలు కావాలి, వీసా నిరాకరిస్తే ఎంత వాపసు వస్తుంది?
3. ఎన్ని రోజుల ముందు రద్దు చేస్తే ఎంత పోతుంది?
4. ఓడ ఎవరిది, సొమ్ము ఎవరి ఖాతాకు వెళుతుంది?
5. శాకాహారం నాలుగు నెలలూ రోజూ దొరుకుతుందా?
6. మందులు ఎన్ని నెలలకు తీసుకెళ్లవచ్చు, వైద్యుని చీటీ ఇంగ్లీషులో ఉన్నదా?

ఇంటి వద్ద పింఛనుదారుల జీవన ధ్రువపత్రం గడువు యాత్ర మధ్యలో ముగుస్తుందేమో చూసుకోవాలి. బ్యాంకు సందేశాలు అందుకొనే ఫోను విదేశాలలో పనిచేసేటట్లు చేసుకోవాలి. పొలం, ఇల్లు, బంగారం వివరాలు తెలిసిన ఒక నమ్మకస్థుడు ఊరిలో ఉండాలి.

అప్పు చేసి, లేదా వైద్యానికి దాచిన సొమ్ము తీసి ఈ యాత్రకు వెళ్లరాదు. మిగిలిన షరతులన్నీ కుదిరితే, మొదటి ఏడు చెన్నై నుండి మూడు రాత్రులు, మరు ఏడు ఆసియాలో ఒక నెల, ఆ తరువాతనే మొత్తం ప్రపంచం అనే క్రమం మన కుటుంబాలకు తగినది. ఈ క్రమంలో ఏ మెట్టు దగ్గర ఆగినా నష్టం ఉండదు.