వెన్నెల బాట: బండ్ల వరుస నుంచి సైకిళ్ళ గుంపు దాకా

అనంతపురం నేల మీద దూర ప్రయాణం మొదటినుంచీ రాత్రి పనే. నైరుతి వానల్లో ఎక్కువ భాగాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి. బంగాళాఖాతం నుంచి వచ్చే ఈశాన్య మేఘాలు ఇక్కడికి చేరేసరికి చాలావరకు ఖాళీ అయిపోతాయి. ఏడాదంతా కలిపి 552 మిల్లీమీటర్లు సాధారణ వర్షపాతమని లెక్కగట్టిన ఉమ్మడి జిల్లా ఇది. చెట్టు తక్కువ, రాయి ఎక్కువ. చైత్రం వచ్చిందంటే పొద్దున పదింటికే గుండ్లు కాలడం మొదలుపెడతాయి, పొద్దు గుంకాక కూడా చాలాసేపు సెగ కక్కుతూనే ఉంటాయి. అలాంటి ఎండలో బరువు బండికి ఎద్దుల్ని కట్టే రైతు ఉండడు. అందుకే సంత సరుకైనా, తేరు చూడబోయే జనమైనా చల్లపొద్దులోనే కదిలేవాళ్ళు. కదిలితే గుంపుగానే.

ఇప్పుడు బెంగళూరు నుంచి సైకిళ్ళ మీద లేపాక్షికి వచ్చేవాళ్ళు తరచుగా కనిపిస్తున్నారు. నూట ఇరవై కిలోమీటర్ల దారి. వాళ్ళలో కొందరు అర్ధరాత్రే బయల్దేరి, తెల్లారేసరికి బసవన్న ముందు దిగుతారు. హెల్మెట్లూ మెరిసే చొక్కాలూ చూసి ఇదేదో పట్నం నుంచి దిగిన కొత్త సరదా అనుకుంటారు జనం. కానీ రాత్రి గుంపును నడిపించడానికి కావలసిన పద్ధతులన్నీ ఈ సీమలో సైకిల్ పుట్టకముందే ఉన్నాయి. ముందు నడిచేవాడెవడు, వెనక కాచేవాడెవడు, నీళ్ళెక్కడ, ఆగేదెక్కడ: ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు చెప్పుకోకుండా ఇక్కడ ఏ గుంపూ ఊరు దాటలేదు.

వాటిలో అన్నిటికన్నా పెద్ద గుంపులు సుగాలీలవి. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే 1652లో గోల్కొండ సేనాధిపతి మీర్ జుమ్లాను కలవడానికి పక్కనున్న గండికోటకు వచ్చాడు. ఎద్దుల వీపుల మీద సరుకు మోసే సంచార వర్తకుల గురించి తన యాత్రా గ్రంథంలో వివరంగా రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులుండేవట. ధాన్యం మోసేవాళ్ళు, బియ్యం మోసేవాళ్ళు, పప్పులు మోసేవాళ్ళు, ఉప్పు మోసేవాళ్ళు వేరువేరు. ఇరుకు దారిలో అలాంటి బిడారు ఎదురైతే అది పోయేదాకా రెండు మూడు రోజులు కాచుకోవలసి వచ్చేదని కూడా చెప్పాడు. అన్ని నోళ్ళకు మేతా నీళ్ళూ దొరికే చోట్లు ముందే తెలియకపోతే ఆ మంద ఒక్క మజిలీ కూడా దాటదు. అనంతపురం జిల్లా నిండా ఈనాడు కనిపించే తండాలు ఆ సంచార జాతి నిలిచిపోయిన చోట్లే. రైలు, ఆ తర్వాత లారీ వచ్చి వాళ్ళ బతుకుతెరువు లాగేసుకున్నాయి. వాళ్ళ దారి జ్ఞానాన్ని ఎవరూ పూర్తిగా రాసిపెట్టలేదు. అది నిజంగా పెద్ద నష్టం.

తన దారిని రాసిపెట్టిన తెలుగువాడు ఒకడున్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా చేసిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి బయల్దేరింది 1830 మే 18న, రాత్రి తొమ్మిది గంటలకు. నడి వేసవిలో పల్లకీ బోయీలతో, పరివారంతో, తిరుపతి, కడప, అహోబిలం మీదుగా సాగిన యాత్ర అది. అనంతపురం గడ్డను తాకకపోయినా, దాని తూర్పు అంచుకు దగ్గరగానే సాగింది. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, దారి రాళ్ళదా ఇసుకదా అని మజిలీ మజిలీకీ రాసుకుంటూ పోయాడు. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్రను సాహిత్యంగా చదివేవాళ్ళే ఎక్కువ. వెనక వచ్చే యాత్రికుడి చేతికిచ్చిన దారి పట్టీగా చదివితే దాని విలువ మరోలా తెలుస్తుంది. ఈనాటి సైకిల్ క్లబ్బులు సభ్యులకు పంచే మార్గసూచికలో ఉండేవీ అవే వివరాలు.

ఇక ఎడ్లబండ్ల సంగతి. సంతకో, రైలు స్టేషనుకో సరుకు వేసుకుని పోయే బండ్లు ఊరి బయట ఒకచోట కలుసుకుని వరుస కట్టేవి. ముందు బండికి దారి తెలిసిన ఎద్దులుండాలి. తోలేవాడు కాస్త కునికినా దారి తప్పని జత అది. దాని వెనక కొత్త గిత్తల బండ్లు. చిట్టచివర మళ్ళీ నమ్మకమైన మనిషి. ఇరుసు కింద వేలాడే లాంతరు ఊగుతూ ఉంటే వెనక ఎద్దులకు అదే గురి. బయల్దేరేముందు ఇరుసుకు కందెన పట్టించి, కుండకు నీళ్ళు నింపి, సద్దిమూట కట్టుకునేవాళ్ళు. రాగి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి ఉంటే రెండు పూటలు గడిచినట్టే. గడియారం పని నక్షత్రాలది. పిల్లలకోడి ఎక్కడికొచ్చింది, గొర్రుకొయ్యలు ఎంత వాలాయి అని చూసుకుని దావు నిర్ణయించేవాళ్ళు. వేగుచుక్క పొడిచాక మిగిలిన దారి ఎంతో లెక్క కచ్చితంగా ఉండాలి. ఎండ ఎక్కేలోగా చింతతోపో చెరువుకట్టో చేరకపోతే ఎద్దు కూలబడుతుంది. వేగం నిర్ణయించేది మాత్రం ముందు బండి కాదు, అందరికన్నా బలహీనమైన జత. ఇరుసు విరిగితే ఒక్క బండీ ముందుకు కదలదు. సరుకు మిగతా బండ్లలోకి సర్దుకున్నాకే ప్రయాణం.

ఆ వరుసలు ఆగిపోతే ఏమవుతుందో 1876–78 కరువు చూపించింది. బళ్ళారి జిల్లా నుంచి అనంతపురం విడివడింది 1882లో కాబట్టి అప్పటికి ఇదంతా బళ్ళారి కిందే ఉంది. గుత్తి మీదుగా రైలుమార్గం ఉంది, గింజలు స్టేషన్లకు వచ్చాయి. మేతా నీళ్ళూ లేక ఎద్దులు చచ్చిపోయాయి కనక ఆ గింజల్ని లోపలి ఊళ్ళకు చేర్చడం గగనమైంది.

మంచికాలంలో రాత్రి దారుల్ని నింపింది తిరునాళ్ళు. ఫాల్గుణ మాసంలో కదిరి లక్ష్మీనరసింహస్వామి బ్రహ్మోత్సవాలు పున్నమి చుట్టూ జరుగుతాయి. అప్పటికే పగలు చుర్రుమంటుంది, రాత్రి పిండారబోసినట్టు వెన్నెల. తేరు చూడటానికి ఇంటిల్లిపాదీ గూడుబండ్లలో వచ్చేవాళ్ళు. పీర్ల పండక్కి నార్పల దగ్గరి గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గరికి హిందువులూ ముస్లింలూ కలిసి సాగిపోయే దారీ అలాంటిదే. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు రాత్రంతా బయట ప్రయాణం చేసినా ఎవరూ తప్పుపట్టని సందర్భాలివి. గుంపే వాళ్ళకు రక్షణ.

సైకిల్ ఈ సీమకు మొదట సీమసరుకుగానే వచ్చింది. ర్యాలీ సైకిలున్న ఇల్లంటే ఊళ్ళో ఒక హోదా. మద్రాసులో 1949లో టి.ఐ. సైకిల్స్, సోనీపట్‌లో 1951లో అట్లాస్, లూధియానాలో 1956లో హీరో మొదలయ్యాక సైకిల్ మామూలు ఇంటి ముంగిట్లోకి నడిచింది. కొనలేనివాడికి గంటల లెక్కన అద్దె సైకిల్ షాపు ఉండనే ఉంది. పెద్దపెద్ద దూరాల కల కూడా సైకిలుతోపాటే వచ్చింది. బొంబాయికి చెందిన ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా 1923లో బయల్దేరి ప్రపంచమంతా చుట్టి 1928లో తిరిగొచ్చారు. దాదాపు 71 వేల కిలోమీటర్లు.

అనంతపురం పల్లెల్లో సైకిళ్ళ గుంపు బయల్దేరింది మాత్రం రెండో ఆట సినిమాకి. సంగటి తిని, ఐదారు సైకిళ్ళ మీద పదిమంది, డబుల్సూ త్రిబుల్సూ, ధర్మవరానికో హిందూపురానికో గుంతకల్లుకో పోవడం, అర్ధరాత్రి దాటాక పాటలు పాడుకుంటూ తిరిగి రావడం ఒక తరమంతా చేసింది. పట్నం పొలిమేరలో పోలీసు ఉండేవాడు. దీపం లేకపోతే, లైసెన్సు బిళ్ళ లేకపోతే టైర్ల గాలి తీసేసేవాడు. అందుకని డైనమో ఉన్న సైకిల్ ముందు, లేనివి దాని వెలుగులో. డైనమోకు ఒక లోపముంది: చక్రం ఆగితే దీపం ఆరిపోతుంది. ఎగువ ఎక్కేటప్పుడు, సరిగ్గా వెలుగు కావలసిన చోటే అది మినుకుమంటుంది. తుమ్మముల్లు దిగితే అందరూ దిగాల్సిందే. టైరు ఊడదీసి, ట్యూబుకు గాలి కొట్టి, గుంతలో ఇన్ని నీళ్ళు దొరికితే ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూసి, ఆకురాయితో రుద్ది సొల్యూషన్ పూసి అతుకు వేయాలి. నీళ్ళు లేని చోట ట్యూబును చెంప దగ్గర పెట్టుకుని గాలి తగిలే చోటు పట్టేవాళ్ళు. ఇరుసు విరిగిన బండి దగ్గర పాటించిన నియమమే పంచరైన సైకిల్ దగ్గరా నిలబడింది.

యూరప్‌లో ఇదే కథ పోటీ రూపంలో మొదలైంది. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా పోయి వచ్చే 1,200 కిలోమీటర్ల పందెంలో షార్ల్ తెరాఁ నిద్ర మానుకుని 71 గంటల 22 నిమిషాల్లో గెలిచాడు. 1897లో కొందరు ఇటాలియన్లు రోమ్ నుంచి నేపుల్స్‌కు 230 కిలోమీటర్లు పొద్దు గుంకేలోగా చేరారు. దాన్ని చూసి పత్రికా సంపాదకుడు ఆఁరీ దెగ్రాఁజ్ 1904లో ఫ్రాన్సులో ఆడాక్స్ సవారీలు పెట్టాడు. కెప్టెన్ వేగానికే అందరూ తొక్కాలి, కలిసి బయల్దేరి కలిసి చేరాలి. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వేరే దారి పట్టింది: గడువులోగా ఎవరి వేగం వారిది. ఇప్పుడు ఆడాక్స్ ఇండియా కింద హైదరాబాద్, బెంగళూరు క్లబ్బులు నడిపే దూర సవారీలు (బ్రెవేలు) ఈ రెండో రకం. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. రాత్రి తప్పదు గనక ముందూ వెనకా దీపాలు, మెరిసే చొక్కా తప్పనిసరి. లండన్ నుంచి డన్‌విచ్ తీరానికి జూలై పున్నమి దగ్గరి శనివారం రాత్రి వందలమంది సాగే డన్‌విచ్ డైనమోలో పోటీ లేదు, గడువు లేదు, వెన్నెలే ప్రధానం. కదిరి పున్నమి బండ్లకు దగ్గరి చుట్టం అది.

ఈ పీఠభూమికి కావలసింది 1904 నాటి పద్ధతే. గడువు కోసం ఒక్కడే పరుగెత్తే సవారీకి ఇక్కడి రాత్రి సరిపోదు. పల్లెకూ పల్లెకూ మధ్య పది కిలోమీటర్ల బీడు, తొమ్మిది దాటితే మూతపడే అంగళ్ళు, కుక్కల మందలు. ఒకప్పుడు ఏడో నంబరు, ఇప్పుడు 44వ నంబరు అయిన జాతీయ రహదారి మీద దీపం లేకుండా నిలిపిన లారీలు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాక బరువు బండ్లు ఇంకా పెరిగాయి. రాత్రి సైకిళ్ళ గుంపును ఆ రోడ్డెక్కించడం ఏ నిర్వాహకుడూ చేయకూడని పని.

మంచి దారులు వేరే ఉన్నాయి. లేపాక్షి నుంచి హిందూపురం, గోరంట్ల, పుట్టపర్తి, బుక్కపట్నం చెరువు, కొత్తచెరువు మీదుగా ధర్మవరం: వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. హిందూపురం సముద్రమట్టానికి 620 మీటర్ల ఎత్తున ఉంటే ధర్మవరం దానికి చాలా దిగువన ఉంది. కాబట్టి లేపాక్షిలో మొదలుపెడితే మొత్తమ్మీద దిగుడే. ఆషాఢ శ్రావణాల్లో పడమటి గాలి కూడా వీపు తట్టి తోస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టించింది ఆ గాలే. తెలియక ఎదురు దిక్కున బయల్దేరితే అదే గాలి నడుం విరుస్తుంది. పంట కోతల తర్వాత మరో జాగ్రత్త కావాలి. రాగికంకులు, ఉలవకట్టెలు తారురోడ్డు మీద పరిచి చుట్టూ రాళ్ళు పేరుస్తారు రైతులు. పగలు వాహనాలు తొక్కి గింజ రాలుస్తాయి, రాత్రి ఆ రాళ్ళు సైకిల్ చక్రానికి ఎదురొస్తాయి. నిర్వాహకుడు ముందురోజు దారంతా ఒకసారి చూసిరావడం ఇందుకే.

ఇంకొకటి, ఆడపిల్లల సంగతి. 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి పెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ ఎందరో ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వమూ ఇచ్చింది. పక్క రాష్ట్రంలో పుదుక్కోట్టై జిల్లాలో 1991–92 అక్షరోద్యమం వేలమంది స్త్రీలకు సైకిల్ నేర్పి వాళ్ళ రాకపోకల తీరునే మార్చేసింది. ఇక్కడి పిల్లలు పగలు బడికి ఆరేడు కిలోమీటర్లు తొక్కుతూనే ఉన్నారు. తిరునాళ్ళ బండ్లలో వాళ్ళ అవ్వలకు దక్కిన రాత్రి మాత్రం వాళ్ళకు దక్కడం లేదు.

కనుక ఈ సీమలో రాత్రి సవారీ కట్టదలచినవాళ్ళకు ఒక మనవి. కార్తీక పున్నమిని ఎంచుకోండి, రాత్రి చల్లగా ఉంటుంది. దారిలోని పోలీసు స్టేషన్లకు ముందే చెప్పండి. ప్రతి పాతిక కిలోమీటర్లకూ నీళ్ళిచ్చే ఇల్లో గుడో చూసిపెట్టుకోండి. ముందొకరు, చివర ఒకరు తప్ప మిగతావాళ్ళు ఆ ఇద్దరి మధ్యనే ఉండాలని తేల్చండి. పాత బండిదారులు తెలిసిన పెద్దలు ఊళ్ళలో ఇంకా కొందరున్నారు, పటం గీసేముందు వాళ్ళనడగండి. ఆడపిల్లల్ని, వాళ్ళ అమ్మల్ని పిలవండి. తెల్లారి ధర్మవరంలో ఉగ్గాని, బజ్జీ వేడివేడిగా దొరుకుతాయి.