స్మార్ట్‌ఫోన్ సాఫ్ట్‌వేర్ మార్పు: చరిత్ర, ప్రమాదాలు, జాగ్రత్తలు

1. పరిచయం

హైదరాబాద్ పాతబస్తీలో చార్మినార్ నుంచి పత్తర్‌గట్టి మీదుగా నడిస్తే దుకాణాల బోర్డులు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో కనిపిస్తాయి. సమీపంలోని ఛత్తా బజార్ ఉర్దూ చేతిరాతకు, పెళ్లిపత్రికల అచ్చుకు పేరుపొందింది. ఆ వీధుల్లో సహజంగా కనిపించే తెలుగు అక్షరాలు, ఉర్దూ నస్తాలీఖ్ రాత తొలి ఆండ్రాయిడ్ ఫోన్ల తెరమీద మాత్రం లేవు. ఆ కొరత తీర్చుకోవడానికి కొందరు తమ ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను తామే మార్చుకున్నారు. మార్పు వికటించిన చోట ఫోన్ పనికిరాకుండా పోయింది. ఇలాంటి నష్టం ఎందుకు కలుగుతుందో, దాన్ని ఎలా నివారించవచ్చో ఈ పాఠంలో చారిత్రక క్రమంలో పరిశీలిద్దాం.

2. చెరిపి రాసే జ్ఞాపకం

తొలి కంప్యూటర్ పరికరాల్లో ప్రారంభ ఆదేశాలను చిప్‌లో తయారీ సమయంలోనే స్థిరపరిచేవారు. వాటిని వాడుకరి మార్చలేడు, కాబట్టి చెడగొట్టనూ లేడు. 1984లో తోషిబా సంస్థకు చెందిన ఫుజియో మసువోకా ఫ్లాష్ మెమరీని ప్రకటించాక ఈ స్థితి మారింది. పరికరంలో ఉండగానే ఆదేశాలను చెరిపి మళ్లీ రాయడం తేలికైంది.

ఈ సౌలభ్యంతోపాటు ప్రమాదమూ వచ్చింది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ అనేక కంప్యూటర్లలో ప్రారంభ ఆదేశాలున్న చిప్‌ను చెరిపేసింది. యంత్రభాగాలన్నీ బాగానే ఉన్నా అవి లేచి నిలబడలేకపోయాయి. మరమ్మతు సాఫ్ట్‌వేర్‌ను నడపాలన్నా ముందు కంప్యూటర్ మొదలు కావాలి కదా!

3. తెలుగు అక్షరాల కోసం

తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. అయినా 2008లో వచ్చిన తొలి ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు లేదు. తెలుగు పేజీ తెరిస్తే ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఒపేరా మినీ బ్రౌజర్‌లో ఒక అమరిక మారిస్తే అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. కానీ అది ఆ బ్రౌజర్‌కే పరిమితం. ఫోనంతటా తెలుగు కావాలంటే 'రూట్' చేసి, అంటే వ్యవస్థపై పూర్తి అధికారం పొంది, అసలు ఫాంట్ ఫైల్ స్థానంలో తెలుగు ఉన్న ఫైల్ పెట్టాలి. అలా చేసినా వత్తులు, గుణింతాలు సరిగా కలిసేవి కావు. ఫైల్ అనుమతుల్లో పొరపాటు జరిగితే ఫోన్ లోగో దగ్గరే ఆగి, మళ్లీ మళ్లీ మొదలయ్యేది. 2012లో ఆండ్రాయిడ్ 4.1 తెలుగుకు మద్దతు ఇవ్వడంతో ఈ అవసరం క్రమంగా తగ్గింది.

4. నష్టం రకాలు

లోగో దగ్గర ఆగిన ఫోన్‌లో ప్రారంభ ఆదేశాలు (బూట్‌లోడర్) క్షేమంగానే ఉంటాయి. కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్‌ను తిరిగి ఎక్కిస్తే అది కోలుకుంటుంది. బూట్‌లోడరే చెడితే ఫోన్ ఇటుకతో సమానం. అందుకే దీన్ని 'బ్రిక్' అంటారు. అప్పుడు బోర్డును విప్పి ప్రత్యేక పరికరాలు కలపాల్సి రావచ్చు.

మూడో నష్టం పైకి కనిపించదు. 15 అంకెల ఐఎంఈఐ వంటి వివరాలున్న భాగం చెరిగితే ఫోన్ వెలుగుతుంది గాని నెట్‌వర్క్ అందదు. ఇక్కడ దొడ్డిదారి వెతకకూడదు. ఐఎంఈఐని ఉద్దేశపూర్వకంగా మార్చడాన్ని 2017 నియమాలు నిషేధించాయి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం టెలికాం గుర్తింపులను తారుమారు చేస్తే 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. కాబట్టి వేరే ఫోన్ నంబరు ఎక్కిస్తామనే మరమ్మతుకు ఒప్పుకోరాదు.

5. జాగ్రత్తలు

అ) ఫోన్ పేరు చాలదు, పూర్తి మోడల్ నంబరు చూడాలి. ఒకే పేరుతో వేర్వేరు చిప్‌లున్న ఫోన్లు అమ్ముడవుతాయి.
ఆ) బూట్‌లోడర్ తాళం తీస్తే సాధారణంగా ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. ఫొటోలు, నంబర్లు ముందే వేరేచోట దాచాలి.
ఇ) అసలు సాఫ్ట్‌వేర్‌ను, వీలైతే ఐఎంఈఐ భాగం నకలును కంప్యూటర్‌లో భద్రపరచాలి.
ఈ) బ్యాటరీ నిండుగా ఉండాలి. రాత మధ్యలో కేబుల్ తీయరాదు.
ఉ) పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లడాన్ని కొన్ని ఫోన్లు అడ్డుకుంటాయి. బలవంతం చేస్తే ఫోన్ బ్రిక్ కావచ్చు.
ఊ) మార్చిన సాఫ్ట్‌వేర్ ఉండగా బూట్‌లోడర్‌కు తిరిగి తాళం వేయరాదు.

తయారీదారులూ ఈ పాఠం నేర్చుకున్నారు. 2016లో ఆండ్రాయిడ్ 7తో వ్యవస్థకు రెండు ప్రతులుంచే పద్ధతి వచ్చింది. ఈ పద్ధతి ఉన్న ఫోన్లలో కొత్త ప్రతి విఫలమైతే ఫోన్ పాత ప్రతితో మొదలవుతుంది.

6. సారాంశం

ఫ్లాష్ మెమరీ మార్పును సాధ్యం చేసింది. దానితోపాటే నష్టాన్నీ తెచ్చింది. తమ లిపికి చోటులేని పరికరాన్ని మార్చుకోవాలనుకోవడం న్యాయమైన కోరికే. అయితే ఇంటికంతా ఒకే ఫోన్ ఉన్నచోట అది చెడితే జీవనోపాధే ఆగుతుంది. వెనక్కి వచ్చే దారి సిద్ధం చేసుకున్నాకే మార్పుకు పూనుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఫ్లాష్ మెమరీ రాకతో సాఫ్ట్‌వేర్ నష్టం ఎందుకు సాధ్యమైంది?
2. లోగో దగ్గర ఆగిన ఫోన్‌కు, బ్రిక్ అయిన ఫోన్‌కు తేడా ఏమిటి?
3. తెలుగు లిపి అవసరం ఫోన్ల మార్పుకు ఎలా దారితీసిందో వివరించండి.