భావనారుషి: పులినెక్కినా మగ్గం వదలని వీరుడు

గుజరాత్‌లోని సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ ప్రాంతంలో, తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. వారి కులపురాణంలో కథానాయకుడు భావనారుషి.

ఎవరీ భావనారుషి?

మార్కండేయ మహర్షి చేసిన యజ్ఞంలోంచి పుట్టాడని కథ. విష్ణువు నాభికమలపు నార నుంచి వచ్చిన దారంతో దేవతలకు బట్టలు నేశాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడాడు. పులినెక్కి రాక్షసులతో పోరాడాడు. ఈ కథను కూనపులి వాళ్లు పటం విప్పుతూ, బొమ్మ చూపిస్తూ పద్మశాలీలకు చెబుతారు. ఆ పటాలు గీసేది నకాషీలు.

ఇంత బలవంతుడి కథ సింహాసనం దగ్గర ముగియదు. ఒక కథనం ప్రకారం ఆయనకు 101 మంది కొడుకులు. ఒకడు ఇత్తడి పాత్రల పని పట్టాడు, మిగతావారంతా మగ్గమే పట్టారు.

మిగతా వీరులకూ ఈయనకూ తేడా ఏమిటి?

విరాటుడి కొలువులో భీముడు వలలుడై వంట చేశాడు, అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పాడు. అది ఏడాది అజ్ఞాతవాసం. గడువు తీరగానే ఆయుధాలు పట్టారు. 1954లో మొదలైన టోల్కీన్ నవల ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో టామ్ బాంబడిల్ మీద ఆ మాయ ఉంగరం పనిచేయదు. అయినా అతను దాన్ని కోరుకోడు, భార్యతో అడవి అంచున హాయిగా ఉంటాడు. భావనారుషి దారి వేరు. ఆయన యుద్ధాన్ని దాటవేయడు, మగ్గాన్నీ వదలడు.

సూరత్‌లో ఈ కథకు అర్థం ఏమిటి?

చేనేతలో ఇల్లూ పనీ ఒకే కప్పు కింద ఉండేవి. భర్త గుంట మగ్గంలో కూర్చుంటే భార్య కండెలు చుట్టేది, పిల్లలు చేయి సాయం చేసేవారు. మరమగ్గం షెడ్డులో మగ్గం యజమానిది, పని షిఫ్టులవారీగా, కూలి నేసిన మీటర్లను బట్టి. ఇంటికీ పనికీ మధ్య ఒక గోడ లేచింది.

అందుకే వలస కార్మికుడికి ఈ కథలో అందనిది పులి ఒక్కటే కాదు. భార్యాపిల్లల మధ్య, సొంత మగ్గం మీద బట్ట నేసుకుంటూ బతకడం కూడా.